మారుమనువు ఇంజను

తెనాలిలో పాత మోటారు సైకిలు చేతులు మారాలంటే ముందు అబూబకర్ నోట దాని ధర పలకాలి. ఇది ఎవరో పెట్టిన రూలు కాదు, అలా జరిగిపోతూ వచ్చింది. బుల్లెట్టయినా, జావా అయినా, తాతల నాటి మిలిటరీ బండయినా, అమ్మేవాడూ కొనేవాడూ కలిసి దాన్ని తోసుకుంటూ కాలవ పక్కనున్న అతని షెడ్డుకి వచ్చేవారు. అబూబకర్ చేతిలో పానా కింద పెట్టి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కిక్కు కొట్టి, తల ఓ పక్కకి వంచి ఇంజను చప్పుడు విని, "ఇంత" అనేవాడు. అంతటితో సరి. ఆ పైన బేరమాడినవాణ్ణి జనం వింతగా చూసేవారు.

మనిషిని చూస్తే ఇంత పలుకుబడి ఉందని ఎవరూ అనుకోరు. పొట్టిగా, బక్కగా ఉంటాడు. వయసు యాభై దాటింది. లుంగీకి ఎప్పుడూ నూనె మరకలే. మాట కూడా తక్కువే, ఆ తక్కువ మాటకే ఇంత గిరాకీ. దాని వెనక ఒక కట్టుబాటు ఉంది. పని నేర్పిన తండ్రి అబ్దుల్లా పెట్టి పోయిన కట్టుబాటు అది. ధర చెప్పినవాడు ఆ ధరకి ఆ బండిని తానే కొనడానికి సిద్ధంగా ఉండాలి. "అంత చేస్తుందంటున్నావుగా, అయితే నువ్వే ఉంచుకో" అని బండివాడు అన్నాడంటే మారు మాట్లాడకుండా డబ్బు తీసి ఇవ్వాలి. అలా అబూబకర్ మెడకి చుట్టుకున్న బళ్ళు కొన్ని ఉన్నాయి. అతని భార్య ముబీనా వాటిని చూసినప్పుడల్లా, పోయిన మామగారి మీద కోపమంతా గిన్నెల మీద చూపించేది.

ధర ఎక్కువ చెప్పకుండా ఆ కట్టుబాటు ఆపుతుంది, సరే. తక్కువ చెప్పకుండా ఆపేదేమిటి? ఏమీ లేదు, అతని మనసు తప్ప. ఇన్నేళ్ళలో ఎవరికీ ఆ సందేహం రాలేదు. అబూబకర్‌కే రాలేదు. రెండు వేల ఏడులో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, పున్నారావుకి వచ్చింది.

షెడ్డు ఉన్న స్థలం పున్నారావుది. కొల్లిపర వైపు మాగాణీ, తెనాలిలో బియ్యం మిల్లూ ఉన్న మనిషి. అబ్దుల్లా ఆ స్థలంలో రేకులు వేసుకున్న నాటి నుంచీ అద్దె పేరుకి మాత్రమే. పున్నారావుని చెడ్డవాడనడానికి వీల్లేదు. ముబీనాకి కడుపులో ఆపరేషను చేయాల్సి వచ్చినప్పుడు తన కారిచ్చి గుంటూరు పంపాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాడైతే మొహం మీద తలుపేసి బయటపడొచ్చు. మేలు చేసినవాడు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంటే ఎటూ పోలేం.

ఆ రోజు అలాగే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏవయ్యా అబూబకరూ, రేపల్లెలో మార్కు బండి ఉంది చూడు. ఎల్లుండి ఓసారి పోయొద్దాం. మా అబ్బాయి సందీపు హైదరాబాదులో పాత బళ్ళ వ్యాపారం పెట్టాడుగా, వాడికి అది కావాలంట."

మార్కు పేరు వినగానే అబూబకర్ చేతిలో పని ఆగిపోయింది. మార్కు పోయి ఏడాది కాలేదు. ఒకే సినిమా ప్రింటు రెండూళ్ళ హాళ్ళలో ఆడే రోజుల్లో రీళ్ళ పెట్టెలు మోసినవాడు మార్కు. రేపల్లెలో ఇంటర్వెల్ అయి రెండో సగం ఆడుతుండగానే మొదటి సగం రీళ్ళు భట్టిప్రోలు టాకీసుకి చేరాలి. ఏ కాస్త ఆలస్యమైనా అక్కడ జనం కుర్చీలు విరగ్గొడతారు. వానలో, బురదలో, మధ్యలో పడిపోయిన తాటిచెట్ల మీంచి కూడా ఆ పెట్టెలు చేర్చాడతను. అన్నీ ఆ బి.ఎస్.ఎ. మోటారు సైకిలు మీదే. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వేలం వేసిన బండి అది. దాని ఇంజను మూత ఇప్పింది, బిగించింది అబూబకర్ ఒక్కడే. మార్కు ఇంకొకడి చేయి పడనిచ్చేవాడు కాదు.

"మార్కు పెళ్ళాం అనసూయమ్మ అమ్మడానికి ఒప్పుకుంది. కాకపోతే నువ్వొచ్చి ధర చెబితేనే ఇస్తానంది" అన్నాడు పున్నారావు.

"చెబుతానండి. దానికేం."

"ఎంత చెబుతావు?"

"మంచి బండండి. పుట్టింటి ఇంజను. లక్షా పాతికకి తగ్గదండి."

పున్నారావు హాయిగా నవ్వాడు. "పాతిక చెప్పు. ముందున్న లక్ష మింగెయ్."

అబూబకర్ కూడా నవ్వాడు, వేళాకోళం అనుకుని. పున్నారావు లేచి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ షెడ్డు పడగొట్టి షాపులు కడదామని సందీపు రెండేళ్ళుగా పీక్కు తింటున్నాడయ్యా. అబూబకర్ ఉన్నన్నాళ్ళూ కుదర్దురా అని నేనే అడ్డం పడుతున్నా. వాడితో నేను కూడా ఏదో ఒకటి చెప్పుకోవాలిగా. అబూబకర్ మనకి ఇంత పని చేసి పెట్టాడురా అని."

గొంతులో బెదిరింపు లేదు. ఉంటే బావుండేది. ఆయన వెళ్ళాక అబూబకర్ రేకుల వంక, గోడకి వేలాడుతున్న తండ్రి సామాన్ల వంక చూస్తూ కూర్చుండిపోయాడు. ఈ వయసులో మోకాళ్ళు సహకరించవు, ఇంకొకడి షెడ్డులో కూలికి చేరలేడు. కొత్త చోట అద్దెకి పెట్టాలంటే అడ్వాన్సుకే ఆవిరైపోతాడు. అంటే ఈ రేకుల కిందే బతకాలి, లేకపోతే లేదు. ఇంటికి వెళ్ళి ముబీనాతో చెప్పాడు.

"మార్కు భార్యకి అన్యాయం ఎలా చేస్తావు?" అందావిడ వెంటనే. "మరి షెడ్డు పోతే మన సంగతేంటి?" అని కూడా అంది. పప్పు పొయ్యి మీద పెట్టి ఊరికే గరిట తిప్పుతూ ఉండిపోయింది.

రేపల్లె దాకా పున్నారావు కారులో వెళ్ళారు. దారి పొడుగునా పున్నారావు మిరప ధర గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. అబూబకర్ ఒకటే ఆలోచిస్తున్నాడు. మార్కు బండి తెలియని మనిషి రేపల్లెలో లేడు. ఊరికే పాతిక అంటే ఎవరూ నమ్మరు. ఏదో ఒక కారణం చెప్పాలి.

అనసూయ ఇల్లు స్టేషను వెనక రెండు గదుల పెంకుటిల్లు. హాస్టల్లో వంట చేస్తుంది. బండిని వసారాలో పెట్టి, మీద చిరిగిన సినిమా తెర గుడ్డ కప్పి ఉంచింది. ఆ గుడ్డ తీస్తూ అంది:

"ఆయన పోయాక ఎవర్నీ ముట్టుకోనివ్వలేదన్నయ్యా. ఆదివారం చర్చి నుంచి రాగానే నేనే తుడుస్తాను. స్టేషను దగ్గర ఓ కొట్టు ఖాళీ అయింది, టిఫిన్ పెట్టుకుందామని ఆశ. లేకపోతే దీన్ని అమ్మేదాన్నే కాదు."

అబూబకర్ వంగి కూర్చున్నాడు. చూడాల్సిన పనేమీ లేదు, కళ్ళు మూసుకుని కూడా చెప్పగలడు. ముందు చక్రం పైన నాలుగు కడ్డీల చట్రం, మధ్యలో ఆ లావు స్ప్రింగు, కుడి కాలి కింద గేరు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంజను మీదా చట్రం మీదా ఒకటే నంబరు. మార్కు టీకొట్టు దగ్గర కొత్తవాడెవడు కనబడినా కూర్చోబెట్టి ఆ రెండు నంబర్లూ చదివించేవాడు. అది అతని గర్వం. పైన మద్రాసు రాష్ట్రం నాటి రిజిస్ట్రేషను కూడా చెక్కు చెదరలేదు. ఇలాంటి బండి ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు.

పున్నారావు మడత కుర్చీలో కూర్చుని ఎటో చూస్తున్నాడు.

షెడ్డు వాళ్ళకి వాళ్ళ మాటలు వాళ్ళకుంటాయి. బండితో పుట్టిన ఇంజను బండిలోనే ఉంటే పుట్టింటి ఇంజను అంటారు. దాన్ని తీసేసి వేరే బండిది తెచ్చి బిగిస్తే మారుమనువు అంటారు. మారుమనువు బండి ఎంత బాగా నడిచినా పాత బళ్ళ వాళ్ళు పట్టించుకోరు, ఇనుము ధరకి కాస్త ఎక్కువ ఇస్తారంతే.

"మారుమనువమ్మా" అన్నాడు అబూబకర్.

భర్త పోయిన ఆడమనిషి ఎదుట ఆ మాట అన్నానని అతనికి అప్పుడు తట్టలేదు. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయేది.

"అంటే ఏంటన్నయ్యా?"

"ఇంజను ఈ బండిది కాదమ్మా. అసలుది ఎవరో తీసేసి వేరేది బిగించారు. అందుకని... పాతిక వేలు."

అనసూయ బండి వంకా అతని వంకా చూసింది. "మరి నంబర్లు రెండూ ఒకటేగా? ఆయన అందరికీ చూపించేవాడు."

ఈ ప్రశ్న వస్తుందని అబూబకర్‌కి తెలుసు. కారులో దీనికే జవాబు సిద్ధం చేసుకున్నాడు. "మళ్ళీ కొట్టించారమ్మా. అంకెల అచ్చులూ సుత్తీ ఉంటే నంబరు కొట్టడం ఎంతసేపు? పెద్ద పని కాదు." పాతిక అన్న ధర పున్నారావు నోట్లో పెట్టింది. ఇది మాత్రం అచ్చంగా అబూబకర్ సొంత పనితనం, ఎక్కడా అతుకు కనబడకుండా చేశాడు.

"మిలిటరీ వాళ్ళే మార్చి ఉంటారేమో" అందావిడ మెల్లగా. ఆ గొంతులో ఆశ ఉంది. అవునమ్మా అయ్యుండొచ్చు అంటే సరిపోయేది. కానీ మిలిటరీ వాళ్ళు బిగించిన ఇంజనైతే ధర ఇంతలా పడిపోదని పున్నారావుకి తెలుసు, అబూబకర్‌కీ తెలుసు.

"కాదమ్మా. పదిహేనూ ఇరవై ఏళ్ళ కిందటి పని."

అనసూయ మొహంలో రంగు పోవడం అబూబకర్ చూశాడు. డబ్బు తగ్గినందుకు అనుకున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి ఇద్దరికీ కాఫీ తెచ్చి ఇచ్చింది. "ఓ వారం ఆగండి పున్నారావుగారూ, కబురు చేస్తాను" అంది. అబూబకర్ కాఫీ మొత్తం తాగాడు, వదిలేస్తే ఏమనుకుంటుందోనని.

తిరుగు దారిలో పున్నారావు ముచ్చటపడిపోయాడు. "నంబర్లు మళ్ళీ కొట్టించారన్నావు చూడూ, ఆ మాట నాక్కూడా తోచలేదయ్యా! ఇక నీ షెడ్డు జోలికి ఎవడొస్తాడో చూస్తా." అబూబకర్ కిటికీలోంచి బయటికి చూస్తూ, కారు ఎప్పుడాగుతుందా అని కూర్చున్నాడు.

వారం గడువు ఉంది కదా అన్నది ఒక్కటే అతనికి ఊపిరి. ఆ వారంలో ఎవరైనా మంచి ధర ఇచ్చి బండి పట్టుకుపోతే, అనసూయకి డబ్బు ముడుతుంది, తను చెప్పిన అబద్ధం ఎవరికీ పట్టదు, పున్నారావు కూడా తనని ఏమీ అనలేడు. ఇంత చక్కటి ఉపాయం తట్టినందుకు తనని తానే మెచ్చుకున్నాడు. మర్నాడే రైలెక్కి బాపట్ల వెళ్ళాడు.

బాపట్లలో జగన్నాథరావు మేష్టారున్నారు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆయనకి పాత మోటారు సైకిళ్ళ పిచ్చి. ధర దగ్గర పీనాసితనం చూపించని మనిషి. అబూబకర్ చెప్పిన బళ్ళే కొంటారు.

"రేపల్లెలో మార్కు బండి అమ్మకానికి ఉందండి మేష్టారూ. రేపే వెళ్ళండి. నేను చెప్పానని మాత్రం అనొద్దండి."

"ఎందుకని?"

"ఇంకొకళ్ళు కూడా అడుగుతున్నారండి. నా పేరు మధ్యలో ఎందుకని."

మేష్టారు కళ్ళజోడు సవరించుకుని, "సరే, పోయొస్తా" అన్నారు. అబూబకర్ తెనాలి తిరిగొచ్చి, చాలా రోజుల తర్వాత ఆకలేసి అన్నం తిన్నాడు.

రెండు రోజుల తర్వాత మేష్టారు షెడ్డుకి వచ్చారు. మొహం గంటు పెట్టుకుని ఉన్నారు. అప్పుడే ఎవరో ఇద్దరు ఒక రాజ్‌దూత్ తెచ్చి ధర చెప్పించుకోవడానికి నిలబడి ఉన్నారు.

"ఏమయ్యా, నన్ను అంత దూరం ఎందుకు పంపినట్టు? బండి చూడగానే లక్షన్నర ఇచ్చేద్దామనిపించింది. జేబులోంచి డబ్బు తీయబోతుంటే ఆవిడే ఆపింది. ఇంజను అసలుది కాదటండి, దాచి అమ్మితే పాపం అంది. ఎవరు చెప్పారంటే అబూబకరన్నయ్య అంది!"

మనుషులు ఇలా కూడా ఉంటారని అబూబకర్ లెక్క వేసుకోలేదు. డబ్బు అవసరంలో ఉన్న మనిషి, ఎదుట లక్షన్నర పట్టుకుని నిలబడ్డ మనిషికి, అడక్కుండానే బండి లోపం చెప్పేసింది. ఆ లోపం కూడా లేనిదాయె.

"ఇంజను అసలుదేనండి మేష్టారూ" అన్నాడు, గొంతు తగ్గించి.

"మరి ఆవిడతో అలా ఎందుకు చెప్పావు?"

రాజ్‌దూత్ వాళ్ళిద్దరూ మాటలాపి ఇటే చూస్తున్నారు. అబూబకర్ నోరు తెరిచాడు. అబద్ధం చెప్పానండి అని అంటే చాలు. తండ్రి నుంచి వచ్చిన పేరు ఆ ఒక్క మాటతో కాలవలో కలుస్తుంది, సాయంత్రానికి షెడ్డు మీదికి పున్నారావు మనుషులొస్తారు. చివరికి, "ఇంకోసారి చూడాలండి" అన్నాడు.

"నువ్వు ఒకసారి చూస్తే చాలయ్యా. నా కళ్ళకంటే నీ మాట మీదే నాకు గురి" అని మేష్టారు వెళ్ళిపోయారు.

అప్పటిదాకా అది ఒక వసారాలో చెప్పిన అబద్ధం. ఆ రోజు నుంచీ అదే బండి ధర. చీరాల నుంచి నిజాంపట్నం దాకా పాత బళ్ళు కొనే ప్రతివాడికీ మార్కు బండి మారుమనువని తెలిసిపోయింది. ఇంకెవరూ రేపల్లె గడప తొక్కరు. అబూబకర్ ఏ బండికీ ఇంత గట్టిగా ధర కట్టలేదు, దేవుడే దిగొచ్చినా ఇక అది పాతిక వేల బండే. రాజ్‌దూత్ వాళ్ళు తమ బండి ధర అడిగితే చెప్పాడు. వాళ్ళు మారు మాట్లాడకుండా తలూపి వెళ్ళిపోయారు. ఆ తలూపడం చూసి అబూబకర్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

ఆ తర్వాత ముబీనాయే తేల్చింది. అన్నం కంచం ముందు కదలకుండా కూర్చున్న మొగుణ్ణి చూసి, "పోతే పోనీ షెడ్డు" అంది. "చీరాలలో మా తమ్ముడు నాసిర్ ఉన్నాడు, వాడి కొట్లో ఓ మూల పెట్టుకుందువుగాని. ఈ మొహం నేను చూడలేను. పోయి చెప్పేసిరా."

తన దగ్గర మిగిలిపోయిన బళ్ళన్నీ అమ్మేశాడు. ముబీనా దాచుకున్నది కూడా కలిపాడు. గడువు ముగిసే రోజు పొద్దున్నే రేపల్లె పాసింజరెక్కాడు. వేమూరు, భట్టిప్రోలు దాటుతుంటే భయం తగ్గుతూ వచ్చింది. నిజం చెబుతాడు, అసలు ధరకి బండి తానే ఉంచుకుంటాడు. తండ్రి పెట్టిన కట్టుబాటు ఇందుకు కాకపోతే ఎందుకు? ఆమె తిడుతుంది. తిట్టాలి కూడా. చెప్పు తీసుకుని కొట్టినా పడి ఉండాలని నిశ్చయించుకున్నాడు. రైలు దిగేసరికి అతని మనసు కాస్త తేలికపడింది కూడా.

అనసూయ వసారాలో బండి తుడుస్తోంది.

"రా అన్నయ్యా, సమయానికి వచ్చావు. పున్నారావుగారికి నిన్నే కబురు చేశాను. ఇంకాసేపట్లో ఆయన మనిషి ట్రాలీ ఆటో తీసుకొస్తాడు."

అబూబకర్ నిలబడే చెప్పాడు. కూర్చుంటే మళ్ళీ నోరు పడిపోతుందని భయం. ఇంజను అసలుదేనని, మారుమనువు తను అల్లిన కథని, షెడ్డు పోతుందన్న భయంతో పున్నారావు చెప్పమన్న ధర చెప్పానని, మొత్తం చెప్పేశాడు. చెప్పి తల వంచుకుని నిలబడ్డాడు.

తిట్టు రాలేదు. తలెత్తి చూస్తే అనసూయ అతని వంక జాలిగా చూస్తోంది.

"నువ్వు ఇలా వస్తావని అనుకుంటూనే ఉన్నానన్నయ్యా."

"అంటే?"

"తుఫాను వచ్చిన ఏడు గుర్తుందా? హాలు రేకులెగిరిపోయి ఆర్నెల్లు ఆయనకి పనిలేదు. అయినా మా ఇంట్లో ఒక్క పూట పొయ్యి ఆరలేదు. డబ్బెక్కడిదయ్యా అంటే నవ్వేవాడు, చెప్పేవాడు కాదు. బండి నీ షెడ్డులో పెట్టి రోజుల తరబడి ఇంటికి రాలేదు. మొన్న నువ్వు పదిహేనూ ఇరవై ఏళ్ళ కిందటి పని అనగానే నాకు తెలిసిపోయింది. ఇంజను అమ్ముకున్నాడు. అమ్ముకుని, ఇంకోటి బిగించి, నంబరు కొట్టించి, ఆ నంబర్లే ఊళ్ళో అందరికీ చూపించుకు తిరిగాడు."

"కాదమ్మా!" అబూబకర్ దాదాపు అరిచాడు. "అప్పుడు బండి నా దగ్గరుంది, మనిషి నిజాంపట్నంలో ఉన్నాడు. రేవులో చేపల బుట్టలు మోశాడు. నీకు తెలిస్తే బాధపడతావని నా చేత ఒట్టేయించుకున్నాడు."

అనసూయ నవ్వింది. కోపం లేని నవ్వు.

"ఆయనా? చేపల బుట్టలా? ఇంట్లో ఎండుచేప వేయిస్తే వీధిలోకి పోయి కూర్చునే మనిషన్నయ్యా. నువ్వు పాపం ఎంత ఆలోచించావో గానీ, కథ అతకలేదు."

అబూబకర్ బండి పక్కన చతికిలబడ్డాడు. ఆమె చేతిలో గుడ్డ లాక్కుని ఇంజను మీద జిడ్డు తుడిచాడు. "ఇటు చూడమ్మా. అంకెల అంచులు చూడు. మళ్ళీ కొట్టిన నంబరైతే ఇలా ఉండదు. ముట్టుకుని చూడు." ఆమె మాట తీసేయలేక వంగి, వేలితో తడిమింది.

"నాకేం తెలుస్తుంది అన్నయ్యా? కొట్టడం పెద్ద పని కాదని నువ్వే చెప్పావుగా."

సంచీలోంచి డబ్బు తీసి ఆమె ముందు పెట్టాడు. "ఇదిగో. లక్షా పాతిక. నిజం ధర ఇదే. ఈ ధరకి నేనే ఉంచుకుంటా. మా కట్టుబాటు నీకు తెలుసుగా? తప్పు ధరైతే నేనే మునుగుతా కదా?"

"తెలుసు. అందుకే భయమేస్తోంది" అంటూ ఆమె ఆ సంచీ మళ్ళీ అతని చేతుల్లో పెట్టింది. "స్నేహితుడి పరువు కోసం నువ్వు ఇల్లు ముంచుకునే మనిషివి. వదిన ఉసురు నాకొద్దు. పున్నారావుగారి మీదికి కూడా తోస్తున్నావు, ఆయన ఆ రోజు పక్కనే కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఇంజను సంగతి నీకు మొదట్నుంచీ తెలుసు. ఇన్నేళ్ళు ఆయన కోసం దాచావు. ధర చెప్పాల్సి వచ్చేసరికి అబద్ధమాడలేక బయటపెట్టావు. ఇప్పుడు నేను బాధపడుతున్నానని ఆ నిజాన్ని మళ్ళీ కప్పుతున్నావు. నీ సంగతి నాకు తెలీదా అన్నయ్యా?"

అబూబకర్ ఏదో అనబోయాడు. ఏం అన్నా అది కూడా మంచితనం కిందే జమ అయిపోతుందని అతనికి అర్థమైంది. ఎటు తిరిగినా తన పేరే గోడలా అడ్డం నిలబడింది. ఆ పేరు పోతుందన్న భయంతోనే ఆ రోజు మేష్టారి ముందు నోరు మూసుకున్నాడు. ఇవాళ ఎంత గింజుకున్నా పోవడం లేదు.

వీధి మొగలో ట్రాలీ ఆటో హారను వినిపించింది.

"మొదట రెండు మూడు రోజులు నాకు ఒళ్ళు మండిపోయింది" అంది అనసూయ. "ఫోటో తీసి పెట్టెలో పడేశాను. ఇంత మోసం చేసిన మనిషితోనా ఇన్నేళ్ళు కాపురం చేశాను అనిపించింది. మళ్ళీ నేనే అనుకున్నా, మా కడుపులు నింపడానికేగా చేశాడని. మొన్న ఆదివారం చర్చిలో ప్రార్థన చేయించాను. నేను ఆయన్ని క్షమించేశాను అన్నయ్యా."

చేపల బుట్టలు మోసి భుజాలు పుళ్ళు పడితే, రేపల్లె వెళ్ళే ముందు అబూబకర్ షెడ్డులోనే కూర్చుని కొబ్బరినూనె రాసుకున్న మనిషిని, చేయని దొంగతనానికి ఆవిడ క్షమించింది.

"నువ్వు కూడా ఆయన్ని క్షమించు. ఇన్నేళ్ళు నిన్ను ఈ అబద్ధంలో ఇరికించాడు. నువ్వు అబద్ధం మోయలేని మనిషివి, ఎంత నలిగిపోయావో మొన్న నీ మొహంలోనే చూశాను. పోయిన మనిషి తరఫున నేను అడుగుతున్నా. క్షమించానని ఒక్క మాట అను, ఆయన ఆత్మ నిమ్మళిస్తుంది."

అని ఆవిడ రెండు చేతులూ జోడించి నిలబడింది. ట్రాలీ వచ్చి గుమ్మం ముందు ఆగింది. పున్నారావు మనిషి దిగి, బండి చూసి, తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. అబూబకర్ తల అడ్డంగా ఊపాడు. వద్దమ్మా, నన్నడక్కు అన్నాడు. ఆవిడ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది గానీ చేతులు దించలేదు. ఆ మాట వినేదాకా దించేలా లేదు.

"క్షమించానమ్మా" అన్నాడు అబూబకర్.